హోసూరు గులాబీ, మన్మథుడి మామిడి పూత
ప్రేమచిత్రణపై అపోహలు – వాస్తవాలు

తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే సంతలో వినిపించే తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ప్రేమను గురించి కావ్యాలూ కథలూ సినిమాలూ నేర్పిన భావాలు తెలుగువారికి ఒక్క దారిన కాక రెండు మూడు దారుల్లో అందాయి. ఆ భావాలలో కొన్నింటిని తరతరాల సంప్రదాయమని చెప్పుకోవడం పరిపాటి అయింది. తీరా పాత గ్రంథాలు విప్పి చూస్తే, సంప్రదాయం పేరుతో చలామణి అవుతున్న దానిలో చాలాభాగం వెండితెర తనకు కావలసినంత మేరకు ఏరుకున్నదేనని, ఏరకుండా వదిలేసినదే ఎక్కువని తేలుతుంది.

అపోహ: ఒకవైపు ప్రేమే అన్నిటికన్నా ఉన్నతమైనది, కాదన్నకొద్దీ వెంట తిరగడమే దానికి పరీక్ష.

వాస్తవం: ఈ ప్రాంతపు తెలుగువారికి వారసత్వంగా వచ్చిన రెండు సాహిత్యశాస్త్రాలూ దీనికి ఆ పీట వేయలేదు. తెలుగు కవులు ప్రమాణంగా పెట్టుకున్న సంస్కృత అలంకారశాస్త్రం శృంగారరసానికి ఆధారమైన రతి, అనగా అనురాగం, నాయికానాయకులు ఇద్దరిలోనూ ఉండాలని కోరి, ఒక్కరిలోనే ఉన్న రతిని రసాభాసమని, అంటే రసంలా కనిపించేదే తప్ప రసం కానిదని వర్గీకరించింది. తమిళంలో తొల్కాప్పియం ప్రేమకవితను ఏడు తిణైలుగా, అంటే సందర్భాన్ని బట్టి ఏర్పరచిన విభాగాలుగా, పంచుతూ కలయిక, ఎదురుచూపు, అలక, బెంగ, ఎడబాటు అనే అయిదింటిని నడిమి తిణైలుగా నిలిపి, ఒకవైపు ప్రేమను ‘కైక్కిళై’ పేరుతో ఒక అంచున, పొంతన లేని ప్రేమను ‘పెరుందిణై’ పేరుతో మరో అంచున ఉంచింది. భాషలు వేరైనా తీర్పు ఒకటే కావడం గమనించదగినది. ఒంటిచేత్తో చప్పట్లు మోగవన్న సామెత చెప్పేదీ అదే.

మనుచరిత్రలోని వరూధిని దీనికి మినహాయింపుగా తోచవచ్చు. హిమాలయానికి వెళ్లిన ప్రవరుణ్ణి ఆమె మోహించడం, అతడు ఒప్పుకోకుండా ఇంటిదారి పట్టడం, ఆపై ప్రవరుడి రూపం దాల్చిన గంధర్వుడు ఆమెను పొందడం అల్లసాని పెద్దన అద్భుతంగా నడిపిన ఘట్టాలు. అయితే ఆమె వేదనకు అంత కరుణతో చోటిచ్చిన ఆ కవి, ఆ వేదన తీవ్రంగా ఉన్నంత మాత్రాన ప్రవరుడు లొంగాలని రాయలేదు. కాదన్నవాడు కాదన్నట్టే వెళ్లిపోయాడు. తరువాత జరిగిన కలయిక మారువేషపు మోసమని పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది. ఏకపక్షానురాగపు బాధను శాస్త్రం గానీ కవి గానీ చిన్నచూపు చూడలేదు. ఆ బాధ ఎదుటి మనిషిపై హక్కు ఇస్తుందని మాత్రం ఒప్పుకోలేదు. 2004లో వచ్చిన సుకుమార్ చిత్రం ‘ఆర్య’ ఒకవైపు ప్రేమను కథానాయకుడి ప్రధాన గుణంగా మలిచి ఘనవిజయం సాధించింది కానీ, తెర బయట, ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన స్త్రీని పదేపదే వెంబడించడం 2013 సవరణతో భారత శిక్షాస్మృతి 354డి సెక్షను కింద నేరమై, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనులో కొనసాగుతోంది.

అపోహ: నిజమైన ప్రేమ చావుతోనే రుజువవుతుంది; దేవదాసే అందుకు సాక్షి.

వాస్తవం: విరహంలో క్రమంగా ముదిరే పది స్థితులను, అంటే దశ మన్మథావస్థలను, శాస్త్రం చూపులు కలవడంతో మొదలుపెట్టి మరణంతో ముగించిన మాట నిజమే. అయితే మరణాన్ని నేరుగా వర్ణిస్తే రసం తెగిపోతుందని, దాని దరిదాపుల వరకే కవి వెళ్లాలని చెప్పిందీ సాహిత్యదర్పణం వంటి లక్షణగ్రంథాలే.

దేవదాసు సంగతి మరీ విచిత్రం. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి నటించగా 1953లో తెలుగులోనూ తమిళంలోనూ వెలువడిన చిత్రం వల్ల ఆ పేరు రెండు భాషల్లోనూ భగ్నప్రేమకు పర్యాయపదమైంది. పెద్దల పంతమే ఆ జంటను విడదీసిందన్న అభిప్రాయమూ స్థిరపడింది. ఆ చిత్రానికి మూలమై 1917లో అచ్చయిన శరత్‌చంద్రుడి బెంగాలీ నవలలో పార్వతి అర్ధరాత్రి తానే దేవదాసు గదికి వచ్చి మనసు విప్పుతుంది. తేల్చుకోలేని దేవదాసు కలకత్తాకు వెళ్లి, ఆమెపై అటువంటి ప్రేమ లేదన్నట్టు ఉత్తరం రాస్తాడు. పశ్చాత్తాపంతో తిరిగివచ్చేసరికి ఆమెకు వేరే సంబంధం కుదిరిపోయి ఉంటుంది. ఆమె ఆత్మాభిమానంతో నిలదీస్తే, చేతిలోని గేలపుకర్రతో నుదుటి మీద మచ్చ పడేలా కొడతాడు. పెద్దల పట్టింపు కథలో ఉన్నా, ఆమె వచ్చి అడిగిన రాత్రి మాట ఇవ్వలేకపోయినవాడు దేవదాసే. శరత్‌చంద్రుడు నవలను ముగిస్తూ పాఠకుల నుంచి కోరింది అతడి పట్ల జాలినీ, అటువంటి చావు మరెవ్వరికీ రాకూడదన్న ప్రార్థననూ; మెచ్చుకోలును కాదు.

అపోహ: పాత సాహిత్యంలో స్త్రీ ప్రేమించబడుతుందే గాని, తన కోరికను నోరు విప్పి చెప్పదు.

వాస్తవం: శాతవాహన రాజు హాలుడి పేరుతో నిలిచిన ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో మాట్లాడేవారిలో ఎక్కువమంది పల్లె స్త్రీలు. పదిహేడవ శతాబ్దపు క్షేత్రయ్య పదాలలో నాయిక నాయకుణ్ణి పిలుస్తుంది, నిలదీస్తుంది, దెప్పుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరి ఆస్థానంలో ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనం’ ఇంకో అడుగు ముందుకు వేసి, తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధ తరువాత అసూయతో రగిలిపోతే, ఆమెను బతిమాలి ఊరడించే పని కృష్ణుడికి అప్పగించింది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో ప్రచురించగా, అశ్లీలమన్న ఆరోపణపై బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. అంటే స్త్రీ గొంతును నొక్కినది కావ్యయుగం కాదు, అచ్చుయంత్రాల యుగపు మర్యాద.

అపోహ: ప్రేమకు ప్రధాన శత్రువు భాషాభేదం.

వాస్తవం: తమిళ యువకుడు, తెలుగు యువతి ప్రేమించుకున్న కథగా కె. బాలచందర్ 1978లో తీసిన ‘మరో చరిత్ర’ తమిళనాట అనువాదం లేకుండా తెలుగులోనే ఆడడమే దీనికి సగం జవాబు. హోసూరువంటి మూడు భాషల ఊరిలో భాష పెద్ద అడ్డుగోడ కాదు, కులం అడ్డుగోడ. 2018లోనూ 2023లోనూ కృష్ణగిరి జిల్లావారు కులాంతర వివాహాల కారణంగా హత్యలకు గురయ్యారు. ప్రేమకథా చిత్రాలు ఈ గోడను చాలాకాలం ధనిక–పేద తేడాగా మార్చి చూపి తప్పించుకున్నాయి.

అపోహ: ఎర్రగులాబీ ప్రేమకు అనాదిగా మన గుర్తు. దీనికి ఎదురుగా మరో అపోహ కూడా ఉంది: గులాబీ పూర్తిగా పరాయిది, దానితో ఈ నేలకు సంబంధం లేదు.

వాస్తవం: మన్మథుడి అయిదు బాణాలు తామర, అశోకం, మామిడి పూత, నవమల్లిక, నల్లకలువ, వాటిలో గులాబీ లేదు. ఆ పేరు సైతం పారసీకం నుంచి వచ్చినదే. అయినా ఫిబ్రవరి 14న విదేశాల్లో చేతులు మారే గులాబీలలో కొన్ని హోసూరువి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరి చల్లదనం, అందుబాటులో ఉన్న బెంగళూరు విమానాశ్రయం కలిసిరావడంతో, అముదగొండపల్లిలోని టాన్‌ఫ్లోరా పూలతోటలు మొదలుకొని చిన్న రైతుల పాలీహౌసుల దాకా ఇక్కడ గులాబీసాగు విస్తరించింది. ‘తాజ్‌మహల్’ అనే ఎర్రరకానికి గిరాకీ ఎక్కువ. ఆ తేదీకి పూలు అందేలా రైతులు డిసెంబరులోనే కొమ్మలు కత్తిరిస్తారు. మొగ్గ లావుగా, తీరుగా ఎదగడానికి ఒక్కొక్క మొగ్గకూ వలతొడుగు వేస్తారు. విచ్చుకోకముందే కోసి, కాడ పొడవును బట్టి వేరుచేసి, ఇరవై కాడలకు ఒక కట్ట చొప్పున కట్టి చల్లని గదిలో పెడతారు. చలి కాస్త ఎక్కువైతే మొగ్గలు ఆలస్యమై తేదీ దాటిపోతాయి, దాటిన పూవుకు ధర పడిపోతుంది.

సరిగ్గా ఆ నెలల్లోనే కృష్ణగిరి చుట్టుపక్కల తోతాపురి తోటలు పూత పడతాయి. మన్మథుడి తూణీరంలో చోటున్న ఆ పూతను మాత్రం ఎవరూ కోయరు. వేసవికి అది కాయ కావాలి, గుజ్జు తీసే కర్మాగారానికి వెళ్లాలి.