గీత పడితే సరిపోదు!

క్యాన్సర్ కణాలకు మందు వేశారు. 'పెరుగు' అంటూ లోపల అందుతున్న ఆదేశం ఆగిందా, లేదా? కంటికి కనిపించని ఈ సంగతిని ల్యాబ్‌లో తేల్చేది ఓ యాంటీబాడీ.

కణంలో కబుర్లు మోసే ప్రొటీన్లలో 'ఎర్క్' ఒకటి. ఇదో కైనేజ్. అంటే, ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఎంజైమ్. 'మెక్' అనే మరో కైనేజ్ దీనికే రెండుచోట్ల ఫాస్ఫేటు అతికిస్తే స్విచ్చి వేసినట్లే. మెలనోమా అనే చర్మక్యాన్సర్ కేసుల్లో దాదాపు సగం 'బీర్యాఫ్' జన్యువులో మార్పు వల్ల ఆ స్విచ్చి ఆరకుండా ఉండిపోయేవే. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ట్రమెటినిబ్ మందు మెక్‌నే అడ్డుకుంటుంది.

రోగక్రిములను పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు ఒక్కోటీ ఒక్కో ఆకారాన్ని గుర్తుపడతాయి. అలాగే ఫాస్ఫేటు అతికిన ఎర్క్‌ను మాత్రమే పట్టేవాటినీ తయారుచేశారు. కణాల్లోని ప్రొటీన్లను సైజువారీగా విడదీసి, పల్చటి పొరమీదికి ఎక్కించి ఈ యాంటీబాడీని కలుపుతారు. నల్లటి గీతలు పడితే స్విచ్చి ఆన్‌లో ఉన్నట్లు. మందు పనిచేస్తే అవి మసకబారతాయి.

మరి యాంటీబాడీ పొరపాటున వేరే ప్రొటీన్‌కు అంటుకుంటే? ఏళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే! అందుకే ముందు దాన్నే పరీక్షిస్తారు. ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైమ్ కలిపాకా, ఆ ప్రొటీన్ జన్యువునే తీసేసిన కణాల్లోనూ గీత పడితే అది దొంగగీతే.

నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రొటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలను ఓ అంతర్జాతీయ బృందం ఇలా జన్యువు తీసేసిన కణాలతోనే పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించింది. పనికిరానివాటిని నమ్ముకున్న పరిశోధన పత్రాలు ఒక్కో ప్రొటీన్‌కు సగటున డజను తేలాయి! పరీక్ష తప్పినవాటిలో సుమారు 20 శాతాన్ని కంపెనీలే అమ్మకం నుంచి తప్పించాయి.

గీత రావాల్సినచోట రావడమే కాదు, రాకూడనిచోట రాకపోవడమే అసలైన సాక్ష్యం.