మీకు తెలుసా? ఊపిరితిత్తి గాయం మానాక మళ్లీ సన్నాయి
నూజివీడు మామిడి కోతల కాలంలోనే బాపులపాడు చుట్టుపక్కల పెళ్లి పందిళ్లలో సన్నాయి మోగుతుంది. దానికి రెండు రేకుల పీక ఉంటుంది. ఆ సన్నని సందులోంచి గాలి పంపాలంటే వేణువుకంటే ఎక్కువ ఒత్తిడి పెట్టాలి.

అందుకే ఊపిరితిత్తికి గాయమై, చుట్టూ గాలి చేరినవారు (న్యూమోథొరాక్స్) డాక్టర్ సరేననేదాకా వాయిద్యం ముట్టకూడదు.

ఈలోగా ఊపిరి కసరత్తుకు ఆసుపత్రిలో ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్‌ను చాలామంది ఊదేస్తుంటారు. నిజానికి అది పీల్చే సాధనం. నిదానంగా, లోతుగా గాలి లోపలికి పీలిస్తేనే బంతులు లేస్తాయి. ముడుచుకున్న గాలిగదులు తెరుచుకుంటాయి.

తిరిగి వాయించేటప్పుడు మొదట మంద్రంలో చిన్న చిన్న స్వరాలు, మధ్యమధ్య విశ్రాంతి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆపేసి డాక్టర్‌ను కలవాలి.

అమెరికాలో సీవోపీడీ ఫౌండేషన్ ఊపిరితిత్తుల రోగులకు మౌతార్గాన్ నేర్పిస్తోంది. ఊదినా, పీల్చినా పలికే వాయిద్యమది!