నవోదయ సీటు రాలేదు, ఇప్పుడేం చేయాలి?

నవోదయ ఆరో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఊళ్లో ఏ ఒకటి రెండు ఇళ్లలోనో సంబరం ఉంటుంది. పరీక్ష రాసిన మిగతా పిల్లలు బిక్కమొహం వేసుకుని అమ్మానాన్నల వంక చూస్తుంటారు. సీటు వచ్చినవాళ్లకు ఏ సర్టిఫికెట్లు తేవాలో, ఎప్పుడు చేరాలో విద్యాలయమే చెబుతుంది. రానివాళ్లకు దారి చెప్పేవాళ్లు తక్కువ. ఆ తల్లిదండ్రుల కోసమే ఈ నాలుగు మాటలు.

పల్లెటూరి తెలివైన పిల్లలకు ఉచితంగా మంచి వసతి చదువు అందించాలన్న ఆలోచన తెలుగు నేలకు పాతదే. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. దానికి వెన్నుదన్నుగా నిలిచిన పి.వి. నరసింహారావు తర్వాత కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే, 1986 జాతీయ విద్యా విధానంతో పాటు నవోదయలు రూపుదిద్దుకున్నాయి. ఇప్పుడు దేశంలో 650కి పైగా ఉన్నాయి. ఒక్కో బడిలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. ఇటీవలి సంవత్సరాల్లో దరఖాస్తులు 20 లక్షలు దాటుతున్నాయి. అంటే నూటికి ఇద్దరు ముగ్గురికే సీటు. మిగిలిన 97 మందికీ తెలివి లేదని ఎవరనగలరు?

పరీక్ష ఏం కొలుస్తుంది?

రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. లెక్కలకు 25, భాషకు 25, మెంటల్ ఎబిలిటీకి 50. ఈ చివరి విభాగంలోనే అసలు సంగతి ఉంది. నాలుగు బొమ్మలిచ్చి వాటిలో మిగతావాటితో పోలిక లేనిదేదో గుర్తుపట్టమంటారు. ఒక బొమ్మ అద్దంలో ఎలా కనిపిస్తుందో అడుగుతారు. మడతపెట్టి చిల్లు పొడిచిన కాగితాన్ని విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పమంటారు. గంటలో ఇలాంటివి 40 చేయాలి. ఇవి ఐదో తరగతి పుస్తకాల్లో ఉండేవి కావు. ముందే వందల కొద్దీ చేసి చేయి తిరిగిన పిల్ల చకచకా బబుల్స్ దిద్దుకుంటూ పోతుంది. మొదటిసారి చూసిన పిల్ల ఆ చిల్లుల కాగితం దగ్గరే ఆగిపోతుంది. సగం మార్కుల్లో తెలివి ఎంతో, సాధన ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

సీట్ల పంపకానికీ లెక్కలున్నాయి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు, కనీసం మూడో వంతు ఆడపిల్లలకు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ రిజర్వేషన్లు సరేసరి. ఇవన్నీ ఉండాల్సిన ఏర్పాట్లే. అయితే పోటీ జిల్లా లోపలే జరుగుతుంది కాబట్టి, ఒక జిల్లాలో సీటు తెచ్చిన మార్కులు పక్క జిల్లాలో తేకపోవచ్చు. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు. ఆఖరి సీటు దగ్గర ఒక్క బబుల్ తేడాతో జాతకాలు మారిపోతాయి. సీటు రాలేదంటే ఆ ఏడాది, ఆ జిల్లాలో, ఆ కేటగిరీలో రాలేదని మాత్రమే అర్థం.

మొదటి వారం జాగ్రత్త

పదేళ్ల పిల్లలు మార్కుల కంటే ముందు మన మొహం చదువుతారు. "అంత ఫీజు కట్టి కోచింగ్ ఇప్పించాం", "పెద్దమ్మ కొడుక్కి వచ్చింది చూడు" అన్న మాటలు ఒక్కసారి చెవిన పడితే చాలు, ఏళ్ల తరబడి మనసులో ఉండిపోతాయి. ఫీజు సంగతి పెద్దవాళ్లు పెద్దవాళ్లతోనే మాట్లాడుకోవాలి. బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని, "బాగానే కష్టపడ్డావు నాన్నా. సీట్లు కొన్నే, రాసినవాళ్లు చాలామంది. జూన్‌లో హైస్కూల్‌కి వెళ్దాం" అంటే సరిపోతుంది. ఎదురింటివాళ్లు "ఏమైంది బాబాయ్, పాపకు నవోదయ వచ్చిందా?" అని అడిగినప్పుడు నేల చూపులు చూడొద్దు. "రాలేదమ్మా, హైస్కూల్లో చేర్పిస్తున్నాం" అని పాప వినేలా, మామూలుగా చెప్పండి. తన వల్ల ఇంటి పరువు పోలేదని ఆ ఒక్క జవాబుతో ఆ పాపకు తెలుస్తుంది.

ఇక నిబంధనలు. మొదటి జాబితాలోని వాళ్లలో కొందరు చేరరు, ఆ ఖాళీలకు మరో జాబితా వస్తుంది. అందుకని దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేసేలా చూసుకోండి. అలాగని ఆ ఆశతో వేరే బడిలో చేర్చడం ఆపొద్దు. జవాబు పత్రం మళ్లీ దిద్దించే ఏర్పాటు లేదు. ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే రాయాలి. మళ్లీ ఐదులో కూర్చోబెట్టి రాయించాలనుకుంటే అది నిబంధనలకు విరుద్ధం, పైగా పిల్లకు ఏడాది దండగ. డబ్బిస్తే సీటు ఇప్పిస్తామనే దళారుల మాట అసలే నమ్మొద్దు.

ఇంకా ఉన్న దారులు

ఈ వేసవిలోనే కొన్ని చూడొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మోడల్ స్కూళ్లలో ఆరో తరగతి ప్రవేశాలున్నాయి. గురుకులాల్లో ప్రధాన ప్రవేశం ఐదో తరగతికే అయినా, పై తరగతుల్లో మిగిలిన సీట్లకు నోటిఫికేషన్లు వస్తుంటాయి. ఈ వేసవికి కాకపోయినా, ముందుముందు సైనిక్ స్కూళ్లలో తొమ్మిదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంది. కోరుకొండ, కలికిరి మనకు దగ్గర్లోనివి.

నవోదయ తలుపు కూడా పూర్తిగా మూసుకోలేదు. తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే, ఎనిమిది చదువుతున్న పిల్లలకు వేరే పరీక్ష పెడతారు. దాంట్లో లెక్కలకు 35, సైన్సుకు 35, ఇంగ్లీషుకు 15, హిందీకి 15 మార్కులు. మన పిల్లలు చాలామంది హిందీని పాస్ మార్కుల సబ్జెక్టుగానే చూస్తారు. తొమ్మిదిలో ప్రయత్నించే ఆలోచన ఉంటే హిందీని ఆరు నుంచే పట్టించుకోవాలి.

ఊళ్లో ఉండి చదువుకునే పిల్లలకు బాగా పనికొచ్చే అవకాశాలూ రెండున్నాయి. మొదటిది ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదువుతూ, కుటుంబ ఆదాయం ఏటా 3.5 లక్షల లోపు ఉన్నవాళ్లు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. నవోదయ వంటి ప్రభుత్వ వసతి బడుల పిల్లలకు ఇది లేదు. ఇందులో సగం మార్కులు మళ్లీ ఆ మెంటల్ ఎబిలిటీకే! కోచింగ్‌లో నేర్చుకున్నది వృథా కాలేదన్నమాట. పాత పుస్తకాలు తూకానికి వేయకుండా దాచండి. రెండోది ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయ వంటి చోట్ల ఆరేళ్ల కోర్సుకు పదో తరగతి ప్రతిభ ఆధారంగా తీసుకుంటారు. వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివినవాళ్లకు అదనపు వెయిటేజీ కూడా ఇస్తూ వచ్చారు.

ఇంట్లో చేయాల్సిన పని

ఈ దారులన్నీ పునాది గట్టిగా ఉన్నవాళ్లకే. పరీక్ష తొందరలో పిల్లలు చాలాసార్లు షార్ట్‌కట్ నేర్చి అసలు లెక్క వదిలేస్తారు. ఒకసారి అడిగి చూడండి: మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులా? జవాబు చెప్పాక, "ఎలా చెప్పావమ్మా?" అనండి. రెండు సమానమైన గీతలు గీసి, ఒకదాన్ని మూడు భాగాలు, ఇంకోదాన్ని నాలుగు భాగాలు చేసి చూపించగలిగితే లెక్క ఒంటబట్టినట్టే. చూపించలేకపోతే ఈ వేసవి పని అక్కడ మొదలవ్వాలి. మీరు చదువుకోకపోయినా ఫరవాలేదు. గీసి చూపించమని అడగడానికి చదువు అక్కర్లేదు, ఓపిక చాలు. తెలుగులో రోజూ ఒక పేజీ పైకి చదివించుకుని వినండి. అర్థం చేసుకుంటూ చదవగల పిల్లకు సైన్సు, సాంఘికం సగం సులువవుతాయి.

జూన్‌లో హైస్కూల్లో చేర్చి చేతులు దులుపుకోవద్దు. తల్లిదండ్రుల సమావేశానికి ఒక పూట కూలి పోయినా వెళ్లండి. లెక్కల సారును కలిసి, "మా పాప ఎక్కడ వెనకబడుతోంది సార్?" అని అడగండి. తెలివైన పిల్లలకు మంచి బడి ఎంత అవసరమో, పట్టించుకునే ఇల్లూ అంతే అవసరం. బడిలో సీటు ఎవరో ఇవ్వాలి. ఇంట్లో ఆ శ్రద్ధ మీ చేతిలోనే ఉంది. దానికి ఏ ఎంపిక జాబితా కోసమూ ఎదురుచూడక్కర్లేదు.