గొరిల్లాకు గజ్జి ఎలా వచ్చింది?

ఆఫ్రికా ఖండంలో ఉగాండా అనే దేశం ఉంది. ఆ దేశంలో ఒక మూల అన్నీ కొండలే. కొండల మీద దట్టమైన అడివి. దాని పేరు బ్విండి. అడివిని ఆనుకునే ఊళ్లు ఉన్నాయి. ఊళ్ల చుట్టూ అరటి తోటలు, చిన్న చిన్న చేలు ఉన్నాయి.

ఆ అడివిలో కొండ గొరిల్లాలు ఉంటాయి. గొరిల్లా కోతికి చుట్టం లాంటి జంతువు. కాని దానికి తోక ఉండదు. ఒళ్లంతా నల్లటి బొచ్చు. మగ గొరిల్లా ఒకటిన్నర క్వింటాలు పైనే తూగుతుంది. చూస్తే భయం వేస్తుంది. అయినా అది తినేది ఆకులు, కాడలు, పండ్లు. గొరిల్లాలు గుంపుగా, ఒక కుటుంబంలా బతుకుతాయి. తల్లి గొరిల్లా సుమారు నాలుగేళ్లకు ఒక పిల్లను కంటుంది. పాలిచ్చి, వీపు మీద మోసి పెంచుతుంది.

కొండ గొరిల్లాలు చాలా తక్కువ. ఉగాండా, రువాండా, కాంగో దేశాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. 1997లో లెక్క పెడితే బ్విండిలో సుమారు 300 ఉన్నాయి. అందుకే ఒక్క పిల్ల చనిపోయినా అది పెద్ద నష్టమే.

బొచ్చు రాలిన పిల్ల

1996లో బ్విండిలో ఒక వింత జరిగింది. ఒక గుంపులో గొరిల్లాలు ఆపకుండా ఒళ్లు గోక్కుంటున్నాయి. బొచ్చు ఊడిపోతోంది. చర్మం పొలుసులు కడుతోంది.

పశువుల డాక్టరుకు కబురు వెళ్లింది. ఆమె పేరు గ్లాడిస్ కలెమా-జికుసోకా. అప్పుడు ఆమెకు 26 ఏళ్లు. ఇది ఏ జబ్బు? ఆమె మనుషుల డాక్టరును ఒక మాట అడిగింది. ఈ ప్రాంతంలో మనుషులకు ఎక్కువగా వచ్చే చర్మరోగం ఏది అని. గజ్జి అని జవాబు వచ్చింది. పరీక్ష చేస్తే అదే తేలింది. గొరిల్లాలకు గజ్జి పట్టింది.

ఒక పిల్ల గొరిల్లా చనిపోయింది. మిగతావాటికి మందు ఇస్తే బతికాయి.

దిష్టిబొమ్మ చొక్కా

అడివిలో ఉండే గొరిల్లాకు మనుషుల గజ్జి ఎలా వచ్చింది?

గొరిల్లాలు అప్పుడప్పుడు అడివి దాటి వస్తాయి. తోటల్లో అరటి చెట్లు తింటాయి. వాటిని బెదిరించటానికి రైతులు చేలల్లో దిష్టిబొమ్మలు పెడతారు. వాటికి పాత బట్టలు తొడుగుతారు. ఆ బట్టలు గజ్జి ఉన్నవాళ్లు వేసుకున్నవి అయితే? గొరిల్లాలు వాటిని ముట్టుకుంటాయి, లాగుతాయి. జబ్బు అలా అంటుకుని ఉంటుందని డాక్టరమ్మ గ్రహించింది.

గొరిల్లాకూ మనిషికీ దగ్గరి పోలిక ఉంది. మనకు వచ్చే దగ్గు, జలుబు, గజ్జి దానికీ వస్తాయి. జబ్బుకు కంచె అడ్డం కాదు.

తప్పు ఎవరిది?

తప్పు ఊరివాళ్లదేనా? వాళ్లకు ఆసుపత్రి దూరం. చేతిలో డబ్బు లేదు. కొండ ఎక్కి దిగి మందు తెచ్చుకోవాలి.

ఇంకొక బాధ కూడా ఉంది. 1991లో ప్రభుత్వం ఆ అడివిని రక్షిత అడివి చేసింది. ఊరివాళ్లు కట్టెలకూ, తేనెకూ మునుపటిలా లోపలికి వెళ్లే వీలు పోయింది. తరతరాలుగా అడివినే నమ్ముకుని బతికిన బాట్వా జనాన్ని బయటికి పంపేశారు. వాళ్లకు భూమి కూడా లేకుండా పోయింది. అలాంటి వాళ్లతో 'గొరిల్లాను కాపాడండి' అని ఊరికే చెబితే ఎవరు వింటారు? 'మా పిల్లల సంగతి ఏమిటి?' అని అడగరా?

డాక్టరమ్మ ఈ సంగతి ఆలోచించింది. మనుషుల జబ్బు తగ్గకపోతే గొరిల్లాల జబ్బు తగ్గదు. 2003లో ఆమె, ఆమె భర్త, ఇంకొక తోటి ఉద్యోగి కలిసి ఒక సంస్థ పెట్టారు. ప్రజల ఆరోగ్యం ద్వారా అడివి జంతువుల రక్షణ అనేదే దాని పేరుకు అర్థం.

ఊరివాళ్లే కార్యకర్తలు

ఆ సంస్థ ఊళ్లల్లో కార్యకర్తలను తయారు చేసింది. వాళ్లు ఆ ఊళ్లవాళ్లే. ఆడవాళ్లూ ఉన్నారు, మగవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు. చేతులు కడుక్కోవాలని, మరుగుదొడ్డి కట్టుకోవాలని చెబుతారు. ఎడతెగని దగ్గు ఉంటే క్షయ పరీక్షకు పంపుతారు. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఎలా పాటించాలో చెబుతారు. గొరిల్లాలు ఊళ్లోకి వస్తే వెంటనే కబురు చేస్తారు.

గొరిల్లాలను చూడటానికి వేరే దేశాలవాళ్లు వస్తారు. వాళ్లు కట్టే డబ్బులో కొంత భాగం చుట్టుపక్కల ఊళ్లకు అందుతుంది. వచ్చేవాళ్లకూ కట్టుబాట్లు ఉన్నాయి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు గొరిల్లాల దగ్గరికి పోకూడదు. దూరంగా నిలబడాలి.

2018లో మళ్లీ లెక్క పెట్టారు. బ్విండిలో 459 గొరిల్లాలు తేలాయి. మూడు దేశాల్లో కలిపి లెక్క 1,000 దాటింది.

ఆకలి కూడా ఒక జబ్బే

2020లో కరోనా వచ్చింది. చూడటానికి వచ్చేవాళ్లు ఆగిపోయారు. ఊళ్లల్లో పనులు పోయాయి. ఆ ఏడు జూన్‌లో రఫికి అనే గొరిల్లా చనిపోయి కనిపించింది. అది ఒక గుంపుకు పెద్ద. అడివి పందిని వేటాడటానికి వెళ్లిన మనిషి దాన్ని పొడిచి చంపాడు. అతనికి 11 ఏళ్ల జైలు పడింది.

శిక్ష పడింది. కాని శిక్షతో ఆకలి తీరదు. అందుకే ఆ సంస్థ ఊరివాళ్లకు త్వరగా కాపుకొచ్చే పంటల విత్తనాలు కూడా పంచింది. ఇంట్లో తిండి ఉంటే మనిషి వేటకు పోవలసిన పని తగ్గుతుంది. ఒంట్లో ఆరోగ్యం ఉంటే ఆ మనిషి వల్ల గొరిల్లాకూ కీడు ఉండదు.

గజ్జి వస్తే ఏం చెయ్యాలి?

గజ్జి పురుగు చాలా చిన్నది. చర్మంలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము దగ్గర దురద పుడుతుంది. రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది.

ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మందు తెచ్చుకోవాలి. ఒక్కరికి వచ్చినా ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి మళ్లీ వస్తుంది. వేసుకున్న బట్టలు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకాలి. బాగా ఎండలో వెయ్యాలి. గజ్జి వచ్చిందని సిగ్గు పడకూడదు, దాచకూడదు.

మాట్లాడుకోండి

1. గొరిల్లాకు గజ్జి ఎలా వచ్చింది?
2. గొరిల్లాల కోసం మనుషులకు వైద్యం చెయ్యాలని డాక్టరమ్మ ఎందుకు అనుకుంది?
3. మీ ఊళ్లో పశువుల నుంచి మనుషులకు, మనుషుల నుంచి పశువులకు వచ్చే జబ్బులు ఏమున్నాయి?