పల్లెబాటల రాజదూత

దూత యనగా ప్రభువు మాటను దూరమునకు మోసికొనిపోవువాడు. ‘రాజ్‌దూత్’ అను మోటారు సైకిలు మాత్రము ప్రభువులకంటె పాడివారికే ఎక్కువగా ఊడిగము చేసినది. వేకువజామున ఇరుప్రక్కల పాలక్యాన్లు వ్రేలాడ, పల్లెనుండి పట్టణమునకు సాగిపోవు ఈ బండి ఉత్తర భారతమున అనేక సంవత్సరములు నిత్యదృశ్యమై యుండెను. తెలుగు పల్లెలును దీని పటపట ధ్వనిని ఎరుగును.

దీని పుట్టినిల్లు పోలెండు. ఆ దేశపు ‘ఎస్.హెచ్.ఎల్. ఎమ్-11’ అను బండి నమూనాను లైసెన్సుపై గ్రహించి, ఎస్కార్ట్స్ సంస్థ 1960వ దశకపు తొలినాళ్ళలో మన దేశమున దీని నిర్మాణమునకు పూనుకొనెను. 1944లో లాహోరులో స్థాపితమై, దేశవిభజనతో ఢిల్లీకి తరలివచ్చిన ఈ సంస్థ ట్రాక్టర్లకును ప్రసిద్ధమే. కావున కర్షకుని అవసరములు దానికి క్రొత్తవి కావు.

ఇంజను సుమారు 175 ఘన సెంటీమీటర్లది, గేర్లు మూడే. వేగమున దీనిని మించిన బండ్లు పెక్కు కలవు. దీని బలము నిరాడంబరమైన నిర్మాణమున నున్నది. ‘ఫోర్ స్ట్రోక్’ ఇంజనులో పిస్టను రెండుమారులు పైకి, రెండుమారులు క్రిందికి కదలినగాని ఒక తోపు లభింపదు. రాజ్‌దూత్‌ది ‘టూ స్ట్రోక్’ ఇంజను. అందు ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి కదలిన చాలును. వాల్వులు లేవు, సిలిండరు గోడలోని రంధ్రములను పిస్టనే మూయుచు, తెరచుచుండును. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనునకు కందెన.

భాగములు తక్కువగుటచే చెడునవియు తక్కువ. చెడినను పల్లెలోని మెకానిక్కు చెట్టునీడన కూర్చుండి, ప్లగ్గునకు పట్టిన మసి తుడిచియో, పొగగొట్టమున పేరిన బొగ్గును గీకియో బండిని మరల నడిపించెడివాడు. పాలు నిలువయుండు సరకు కాదు. దారిలో బండి ఆగిన ఆనాటి రాబడియు ఆగినట్లే. పాడివాడు ఈ బండిని నమ్ముటకు కారణ మిదియే.

1973లో వెలువడిన ‘బాబీ’ హిందీ చిత్రము రాజ్‌దూత్ చిన్నబండి నొకదానిని యువకులకు ప్రియమైనదిగా చేసెను. కాని పెద్దబండి కీర్తి వెండితెరపై కాక, గతుకుల బాటలపైననే నిలిచినది.

అయితే, ఏ గుణము దానిని నిలిపెనో ఆ గుణమే తుదకు దానికి ముప్పు తెచ్చెను. పెట్రోలుతో కలిసిన నూనె కాలి నీలిపొగ యగును. కొంత ఇంధనము కాలకయే వెలికి పోవును. 1985 నుండి, తక్కువ పెట్రోలుతో నడచు ఫోర్ స్ట్రోక్ బండ్లు మన వీధులలో ప్రవేశించెను. 1991 మొదలు వాహనముల పొగపై నిబంధనలు వచ్చి, 1996లోను 2000లోను కఠినతరము లాయెను. రాజ్‌దూత్ క్రమముగా తెరమరుగైనది.

యంత్రమును వేగముతోనే కొలుచు విద్యార్థి ఈ బండి చరిత్రనుండి మరి రెండు ప్రశ్నలు నేర్చుకొనవచ్చును: చెడినపుడు దానిని సామాన్యుడు బాగుచేసికొనగలడా? అది వెలువరించు పొగను ఎవరు పీల్చవలెను? మొదటి ప్రశ్నకు రాజ్‌దూత్ చక్కని సమాధానము చెప్పినది. రెండవదానికి చెప్పలేకపోయినది.