‘ఆగొచ్చు’ వేరు... ‘ఆగాల్సి రావొచ్చు’ వేరు!

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారి నల్లమల పులుల అభయారణ్యంలోంచి సాగుతుంది. రాత్రిపూట వాహనాలపై ఆంక్షలుంటాయి. అందుకే పొద్దుపోయి బయల్దేరేవాళ్లకు ‘దోర్నాలలో ఆగాల్సి రావొచ్చు’ అని చెబుతాం.

తెలుగు రాని యాత్రికులకు అదే సంగతి ‘యూ మే స్టాప్’ అని చెబితే? ‘కావాలంటే ఆగండి’ అనుకుంటారు. తీరా చెక్‌పోస్టు దగ్గర పిల్లాపాపలతో పడిగాపులే! ‘యూ మే హ్యావ్ టు స్టాప్’ అనాలి.

మే, మస్ట్, కెన్, విల్... ప్రామాణిక ఇంగ్లిషులో వీటిలో ఏ రెండూ పక్కపక్కన ఇమడవు. కాబట్టి ‘మే’ పక్కన ‘మస్ట్’కు బదులు ‘హ్యావ్ టు’ చేరుతుంది. ‘షి’ అన్నా సరే, అక్కడ ‘హ్యాజ్’ రాదు. ‘రేపు దర్శనం చేసుకోగలుగుతాం’ అనాలంటే ‘విల్ కెన్’ కాదు, ‘విల్ బి ఏబుల్ టు’.

తెలుగుకు ఆ తిప్పలు లేవు. ‘వెళ్లగలగాలి’... సామర్థ్యం, అవసరం రెండూ ఒక్క మాటలోనే!