కిటికీ వైపు చూసే పిల్లవాడు

పటమటలోని మా మక్తబ్‌కు సాయంవేళ ముప్పై మంది పిల్లలు వస్తారు. వారిలో తొమ్మిదేళ్ల బాలుడొకడు ఎప్పుడూ కిటికీ వైపే చూస్తూ ఉండేవాడు. ఖాయిదా ముందుకు సాగేది కాదు. బడిలో తెలుగు వాచకమూ అంతే. ఎన్నోసార్లు మందలించాం. చివరకు తండ్రి వచ్చి, “హజ్రత్, వీడికి చదువు అబ్బదు. ఆటోనగర్‌లో షెడ్డులో పనికి పెడతాను” అన్నారు.

ఆయన వెళ్లాక వాడినే అడిగాం: “రోజూ అక్కడ ఏం చూస్తావు బాబూ?” జామకొమ్మ చివర వేలాడుతున్న తేనెపిట్ట గూడును చూపించాడు. “ఆడపిట్ట ఒక్కటే కడుతోంది హజ్రత్. సాలెగూడు పోగులు తెచ్చి అతికిస్తోంది. మగపిట్ట ఊరికే అరుస్తూ తిరుగుతోంది” అన్నాడు. ఏళ్ల తరబడి ఆ చెట్టు పక్క నుంచే లోపలికి వెళ్తున్న మాకు ఈ సంగతి తెలియదు. ఏకాగ్రత లేదని మేము నిందించిన పిల్లవాడికే ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ఏకాగ్రత ఉంది.

మేము సిగ్గుపడ్డాం. ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, నేలను చూసి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ గాషియా సూరాలో మనిషిని ప్రశ్నిస్తుంది. ఆ ఆయతులను పిల్లలచేత కంఠస్థం చేయించాం గాని, చూడటం నేర్పలేదు.

చూపును చదువుగా మలచే మార్గం మన రాష్ట్రంలోనే ఉంది. మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ పాఠశాల జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల నుంచి పుట్టింది. ఆయన తత్వంతో మనం ఏకీభవించనవసరం లేదు. అక్కడి శ్రమను గమనిస్తే చాలు. వానలు తక్కువగా పడే ఆ నేలలో దశాబ్దాలుగా చెట్లు పెంచారు. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు.

ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న ప్రాథమిక బడులను కూడా నడిపింది. ఒకే ఉపాధ్యాయుడు వేర్వేరు వయసుల పిల్లలకు కలిపి బోధిస్తారు. పాఠ్యపుస్తకాలకు బదులు బొమ్మల గుర్తులున్న కార్డులుంటాయి. ఒక కార్డు పూర్తయితేనే తరువాతిది. కొన్నాళ్లు బడికి రాలేని పిల్లవాడు తిరిగి వచ్చి, ఆపిన చోటి నుంచే సాగుతాడు. వెనుకబడ్డాడన్న మాటకు తావు లేదు. 2003 నుంచి చెన్నై నగరపాలక పాఠశాలలు ఈ పద్ధతిని స్వీకరించాయి. తరువాత అది తమిళనాడు అంతటికీ విస్తరించింది.

మాకు లోయ లేదు. ఒక జామచెట్టు, దాని పక్కన ఒక వేపచెట్టు ఉన్నాయి. వారానికి ఒకరోజు అస్ర్ నమాజు తరువాత పిల్లలను వాటి కింద కూర్చోబెట్టాం. చిన్నవారు రాలిన ఆకులను పదేసి చొప్పున లెక్కిస్తారు. పెద్దవారు మొదళ్ల చుట్టుకొలతను దారంతో కొలిచి రాస్తారు. బందరు కాలువ గట్టుకు తీసుకెళ్లాలని పిల్లలు అడిగారు. తోడుగా ఇద్దరు పెద్దలు వస్తేనే వెళ్తామన్నాం.

“ఫీజు కట్టేది చెట్ల కింద కూర్చోవడానికా?” అని ఒక తల్లి అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఖాయిదాకు కేటాయించిన సమయంలో ఒక్క నిమిషమూ తగ్గించలేదని చెప్పి, ఆమె కుమార్తె రాసిన నోటుపుస్తకాన్ని చేతికిచ్చాం. చెట్టు నాటితే, దాని ఫలాన్ని పక్షి తిన్నా నాటినవారికి దానపుణ్యమేనన్న ప్రవక్త (స) బోధనను కూడా గుర్తుచేశాం.

ఇక ఆ బాలుడు. గూడు గురించి నాలుగు వాక్యాలు తానే రాశాడు. రెండు తప్పులున్నాయి. దిద్దకుండానే తండ్రికి చూపించాం. ఆయన రెండుసార్లు చదువుకుని, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ కిటికీ వైపు చూస్తుంటే, మందలించే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని ఏం కనబడుతోందో అడగండి.